నైట్ డ్యూటీ బుద్ధుడు

లింగంపల్లి స్టేషన్లో టూరిస్టు రైలు పోస్టర్ మీద, పక్కకు ఒరిగి పడుకున్న బుద్ధుడి విగ్రహం. అది ఆయన ప్రాణం విడిచే వేళ అని కింద రాసి ఉంది.

చిన్నప్పుడు నాన్న నన్ను రైల్లో ఆ విగ్రహం ఉన్న గుడికి తీసుకెళ్లాడు. ఆయన ఐటీ కంపెనీ గేటు దగ్గర రాత్రి కాపలా, పగలంతా నిద్ర.

"ఈయనది గూడ నైట్ డ్యూటీనా?" అన్నాను, గుడిలో విగ్రహాన్ని చూపిస్తూ.

నాన్న నవ్వాడు. "అవ్ బిడ్డా. లొల్లి చెయ్యకు, పండుకోనీ."

తర్వాతి వారం ఒకరోజు పగలు నాన్న అచ్చం అలాగే, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకున్నాడు. వచ్చినవాళ్లందరినీ "నాన్న పండుకున్నడు" అని వాకిట్లోనే ఆపాను.

సాయంత్రం ఆఫీసులు తుడిచి వచ్చిన అమ్మ చప్పుడు కాకుండా చెప్పులు విడిచింది. అన్నం వండింది. ఆయన డ్యూటీకి డబ్బా కట్టింది. ఆ తర్వాతే, ఆ చల్లటి చెయ్యి పట్టుకుని లేపబోయింది.