మా బావ కారుకు దప్పికైన రోజు

మా బావ ఓబులేసుకు ఒకరి దగ్గర చెయ్యి చాచడం చేతకాదు. ప్రొద్దుటూరులో నాపరాళ్ల వ్యాపారం. పక్కింట్లో ఓ పూట కాఫీ తాగితే, మరుసటి రోజు వాళ్లకు కాఫీపొడి పొట్లం పంపేదాకా నిద్రపోడు. మా అక్కను ఇచ్చిన పాపానికి ఈయన గొప్పలన్నీ ముందు నేనే వినాలి.

కారు కొన్నదీ ఈ గుణంతోనే. పెట్రోలు బంకులో తనకంటే వెనక వచ్చిన పెద్ద కారుకు ముందు పోశారని గొడవపడి, ఇక జన్మలో బంకులో అడుగు పెట్టనని ఒట్టేసుకున్నాడు. కొద్దిరోజులకే చిన్న కరెంటు కారు దిగింది. రాత్రి వసారాలో ప్లగ్గు పెడతాడు, పొద్దున్నే తీస్తాడు. "మన ఇల్లు, మన కరెంటు. ఎవని మొగమూ చూసే పని లేదప్పా" అని వీధి వీధంతా చెప్పుకున్నాడు. ఊరు దాటనంత వరకు అది నిజమే.

ఈ ఎండాకాలం ఆయన కొడుకు భూపేష్ పెండ్లి కుదిరింది. బద్వేలు, పోరుమామిళ్ల వైపు చుట్టాలకు పత్రికలు ఇవ్వడానికి నన్ను తోడు తీసుకుపోయాడు. వెనక సీట్లో పత్రికల కట్ట, కుంకుమ భరిణె. ఏసీ కాస్త తగ్గించు బావా, చార్జింగు తినేస్తుంది అంటే, "చల్లగా పోయేదానికే గదా కొనింది" అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

పోయిన ప్రతి ఇంట్లోనూ అదే మాట: "కారుకు చార్జింగు పెట్టుకో మామా, అంతలోపల కోడి కోస్తాం." మా బావ ప్రతి ఇంట్లోనూ మీసం దువ్వి, "శానా ఉండాదప్పా, ఏం అక్కర్లేదు" అన్నాడు. ఇయ్యాల వాళ్ల కరెంటు వాడుకుంటే రేపు దెప్పుతారని ఆయన భయం. తిరుగుదారిలో బద్వేలులో ఒక హోటలు ముందర చార్జింగు పాయింటు ఉందని ఫోను చూపించింది. ఉంది. దాని మీద గోనెసంచి కప్పి ఉంది. "అది చూసేదానికే సార్, పనిచెయ్యదు" అన్నాడు హోటలాయన.

బద్వేలు దాటి కొంత దూరం వచ్చాక కారు ఏసీ మానేసింది, ఆ తర్వాత పరుగు మానేసింది. ముక్కుతూ మూలుగుతూ ఒక ఊరి మలుపు దగ్గరికి చేరింది. ఆ ఊరు చూసి మా బావ మొగం మాడిపోయింది. నాకు నవ్వాగలేదు. అది ఆయన సొంత అక్క వెంకటలక్ష్మమ్మ ఊరు. మా కట్టలో ఆమె పేరు రాసిన పత్రిక లేదు.

కరువొచ్చిన ఏడు ఆ వదిన బోరు ఎండిపోయింది. కాపుకొచ్చిన చీనీచెట్లు, అవే బత్తాయిలు. ఒక్క తడికి నీళ్లివ్వమని పక్క చేనున్న తమ్ముణ్ణి అడిగింది. "ఒకరికిస్తే ఊరంతా వస్తాది" అన్నాడీయన. చెట్లు కట్టెలైనాయి, మాటలు ఆగిపోయాయి. తప్పు చేసినోడికే రోషమెక్కువ, కాబట్టి మా బావే ఎక్కువ అలిగాడు.

కారును ఆమె ఇంటి ముందుదాకా తోసుకొచ్చాం. వదిన వాకిట్లోకొచ్చింది. "ఏం అబ్బీ, నీతో ఎవరో వచ్చినట్టుండారే?" అని నన్నడిగింది. తమ్ముడు మూడడుగుల దూరంలోనే ఉన్నాడు. "కారు నిలబడిపోయిందని చెప్పప్పా" అన్నాడాయన, నాతోనే. ఆమె ప్లగ్గు చూపించింది. పెట్టాం. చార్జరు ఎర్రలైటు వేసి మొండికేసింది.

కారు కొన్న షాపుకు ఫోన్ చేశాడు. ఎండలకు గోడ పక్కన, ఎర్తు తీగ భూమిలోకి దిగే గుంత ఎండిపోయుంటుంది, ఉప్పేసి నీళ్లు పోస్తే గానీ చార్జింగు ఎక్కదు అన్నారు వాళ్లు. మా బావ నా వైపు చూశాడు. వాకిట్లో ఒక డ్రమ్ము, ట్యాంకరొస్తే తప్ప నిండదు. ఈ మాట మాత్రం నేను మోయలేదు. "నువ్వే అడుగు బావా" అన్నా.

చాలాసేపు తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. ఆఖరికి, "అక్కా, రెండు బిందెలు నీళ్లు కావాల" అన్నాడు, నేల చూస్తూ.

ఆమె తానే గుంతలో ఉప్పు చల్లి, నీళ్లు ముంచి తెచ్చి పోసింది. బిందె అందుకోబోతే ఇవ్వలేదు. మూడో బిందెకు పచ్చలైటు వెలిగింది. మా బావ లైటునే చూస్తూ నిలబడ్డాడు, తలెత్తితే అక్క కనబడుతుందని.

సంగటి పెట్టింది, తిన్నాం. పొద్దు వాలుతుంటే మా బావ కారులోంచి రాయని పత్రిక ఒకటి తీసి, మోకాలి మీద పెట్టుకుని ఆమె పేరు రాసి, భరిణెతో సహా అందించాడు.

"కరెంటిచ్చినందుకా ఇది?" అందామె.

మా బావ పత్రిక చాపిన చెయ్యి అలాగే ఉంచాడు.

"చెట్లు పోయినాయి, ఆ కోపం ఇప్పుడు లేదు ఓబులేసూ. ఇన్నేండ్లలో ఈ దారిన ఎన్నిసార్లు పోయింటావు? ఇయ్యాల కారు నిలబడింది కాబట్టి నువ్వు నిలబడినావు. తీసుకపో."

ఇంటిదాకా మా బావ ఏసీ వెయ్యలేదు. ఎగతాళి చేయడానికి నాకు మనసు రాలేదు.

పొద్దున్నే వచ్చి నన్ను లేపాడు. వసారాలో కారు నిండా చార్జింగుతో ఉంది. దాన్ని దాటుకుని బస్టాండు వైపు నడిచాడు. "కారుండగా బస్సెందుకు బావా?" అంటే, "దాంట్లో పోతే అదే తెచ్చిందంటాది" అన్నాడు. పెండ్లిళ్ల రద్దీ. మైదుకూరు దాకా పత్రిక, భరిణె ఉన్న సంచి చంకలో పెట్టుకుని, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. అక్కడ ఎవరో లేచి సీటిస్తే, మారు మాట్లాడకుండా కూర్చున్నాడు. రోడ్డు మీద దిగి ఊళ్లోకి ఎండలో నడిచాం.

వదిన వాకిలి ఊడుస్తోంది. మమ్మల్ని చూసి, మా వెనక చూసింది. "కారు యాడరా?"

"తీసుకరాలేదక్కా. నిన్ను పెండ్లికి పిలుద్దామని వచ్చినా."

ఆమె చీపురు పడేసి, భరిణెలో వేలు ముంచి నుదుట పెట్టుకుంది. "ఇంత ఎండలో నడిచి వస్తారా, పిచ్చోడా!" అని తమ్ముడి చెయ్యి పట్టుకుని బావురుమంది.