లోపల నీకేం పని?

నిన్న హిందూపురంలో ఇల్లు సర్దుతూ సామానంతా వరండాలో పెట్టాను. ఖాళీ గదిలో నా తుమ్ము ఖంగుమని మోగింది. వెంటనే ధర్మవరంలో మా మగ్గం ఇల్లు గుర్తొచ్చింది.

మగ్గాల ఇళ్లలో పెరిగినవాళ్లూ, మీకూ గుర్తుందా? మగ్గానికి కొత్త పడుగు ఎక్కించే రోజు ఆ నిలువు పట్టుదారాలను ఇంటి పొడవునా సాగదీయాలి. అందుకని పెట్టెలు, చాపలు, డబ్బాలు అన్నీ వీధిలోకి వచ్చేసేవి. పడుగు వచ్చేలోపు మేం ఆ ఖాళీ ఇంట్లో కేకలేసి, ప్రతిధ్వని విని పడీపడీ నవ్వేవాళ్లం.

పని అయ్యాక అవ్వ గడప దగ్గర కూర్చునేది. ఒక్కో వస్తువునూ చేతిలోకి తీసుకుని, "లోపల నీకేం పని ఉండాది?" అని దాన్నే అడిగేది. దాని తరఫున మేం జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే అది పాత సామాన్ల బండెక్కాల్సిందే. దుమ్ము పోయి నాయన దగ్గు తగ్గేది, చోటు దొరికి అమ్మ విసుగూ తగ్గేది.

నిన్న మా ట్రెడ్‌మిల్‌నూ అదే అడిగాను. "బట్టలారేసుకుంటాం కదా!" అంది మా ఆవిడ. అయినా అది బండెక్కింది.

చిన్నప్పుడొకసారి నడుం మీద చేతులు పెట్టుకుని అవ్వనే నిలదీశాను. "మరి లోపల నీకేం పని ఉండాది అవ్వా?"

అవ్వ తాపీగా లేచి చీర దులుపుకుంది. "ముందు లోపలికి పదప్పా. ఆకలైతే నీకే తెలుస్తాది."