ఏకాదశి నాటి సిగరెట్టు

మా పక్క వాటాలోకి ఈమధ్య ఒక కుర్రాడు అద్దెకు వచ్చాడు. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే బాల్కనీలో నిలబడి సిగరెట్టు వెలిగిస్తాడు. ఆ పొగ తిన్నగా మా వంటింటి కిటికీలోకి వస్తుంది. అది మామూలు పొగాకు వాసన కాదు. పాకం పట్టేటప్పుడు గిన్నె అడుగంటితే వచ్చే తీపి కమురు వాసన. నిన్న అది ముక్కుకు తగలగానే గరిటె ఆపి, నాకు తెలియకుండానే పైకి అనేశాను: "దీన్లో ఏం కలిపినారో!" అన్నాక నాకే నవ్వొచ్చింది. ఆ మాట నాది కాదు, మా అత్తది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. మీరెవరూ ఆవిడను చూసి ఉండరు. చూసి ఉంటే ముందు మీ చేతిలో ఏముందో చెప్పాల్సి వచ్చేది.

మా అత్త పేరు పెంచలమ్మ. ఆత్మకూరు బజారువీధిలో మా మామకు చిల్లర కొట్టు ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు. సరుకులమ్మే ఇంట్లో సరుకు మీద నమ్మకం ఉంటుందని అనుకుంటాం. మా అత్తకు ఉండేది కాదు. కాఫీపొడి చిటికెడు తీసి చన్నీళ్ల మీద చల్లి, చికోరీ కలిపారేమోనని చూసేది. మిరియాలు చెంబు నీళ్లలో వేసి, పైకి తేలినవి బొప్పాయి గింజలని ఏరి మామ ముందు పెట్టేది. నెయ్యి చేతి వెనక రుద్దుకుని, మోచేయి దాకా వాసన చూసుకునేది. "మన కొట్లో సరుకును మనమే నమ్మకపోతే ఊళ్లో ఎవరు నమ్ముతారే?" అని మామ నెత్తి కొట్టుకునేవాడు. "మీరు మంచోళ్లే. మీకమ్మినోడు ఎట్లాంటోడో మీకు తెలుసునా?" అనేది ఆవిడ. 

ఆ గుణం ఆవిడకు పుట్టుకతో వచ్చింది కాదు. మా ఆయన రమణయ్యకు తేనె పడదు. పసివాడిగా ఉన్నప్పుడు నాలుక మీద చుక్క రాస్తేనే ఒళ్లంతా దద్దుర్లు లేచాయట. తర్వాత ఒకసారి దగ్గు పట్టుకుంటే అనంతసాగరం నుంచి వచ్చే వైద్యుడు ఏదో చూర్ణం రంగరించి ఇచ్చాడు. తేనె కాదు కదా అని అత్త అడిగింది. బెల్లం పాకమమ్మా అన్నాడు ఆయన. నాకించిన కాసేపటికే పిల్లవాడి పెదాలు వాచి, గొంతు పూడుకుపోయి, ఊపిరి అందక కళ్లు తేలేశాడు. ఎలాగో దక్కాడు. "అడిగినాను, చెప్పినాడు, నమ్మినాను. ఆ నమ్మిందే నేను చేసిన తప్పు" అని ఆవిడ నాతో ఎన్నోసార్లు చెప్పింది. అప్పటినుంచి ఆవిడ దేవుడి తీర్థం కూడా అడిగి తాగేది.

అలాంటి ఇంటికి నేను ఉదయగిరి నుంచి తేనె తీసుకుని కాపురానికి వెళ్లాను. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రోజులవి. మాది కొండ కింద ఊరు. పిల్లను అత్తవారింటికి పంపితే సారెతో పాటు కొండతేనె జాడీ పెట్టడం మా వైపు ఆనవాయితీ. ఎవరూ మాకేమీ చెప్పలేదు, మేమూ అడగలేదు. మా అత్త జాడీ మూత తీసి వాసన చూసి, అలాగే వీధిలోకి తీసుకెళ్లి ఎవరికో ఇచ్చేసి వచ్చింది. చింతపండుతో చేతులు తోముకుని నా దగ్గరకు వచ్చి, "తెలవక తెచ్చినావు, దానికేం లేదు. తెలిసినాక తెస్తే వేరే మాట" అంది. కొత్త కోడలిని, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ జాడీ కోసం మా అమ్మ ఎంత ఆశపడి మనిషిని కొండకు పంపిందో ఈవిడకేం తెలుసు అని లోపల మండిపోయాను.

ఆ ఏడే కొట్టు ముందుకు నెల్లూరు నుంచి సిగరెట్ల బండి వచ్చింది. మైకు, రంగు కాగితాలు, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఏజెంటు. చుట్టలు మానండి, నాగరికంగా ఉండండి అని మగవాళ్లందరికీ తలా ఒకటి ఊరికే పంచాడు. వీధంతా కమ్మటి వాసన. మా అత్త తలుపు చాటు నుంచి కేకేసింది.

"ఏమబ్బయ్యా, దీన్లో ఏం కలిపినారు? ఇంత వాసనొస్తా ఉండాది?"

"అది కంపెనీ రహస్యమమ్మా. మాకు కూడా చెప్పరు."

"చెప్పనిది ఎట్ట అమ్ముతావు?"

"ఇదేం తినేది కాదు కదమ్మా, పొగే కదా!" అని అతను నవ్వాడు. వీధిలో వాళ్లూ నవ్వారు. మా అత్త లోపలికి వచ్చేసింది. ఎవరి మాటా నమ్మని మనిషి ఆ ఒక్క మాటకు ఊరుకుంది. పొగ తినేది కాదని ఆవిడా అనుకుంది.

ఆ సిగరెట్లు మా కొట్లో అమ్మడం మొదలైంది, మా ఆయన తాగడమూ మొదలైంది. అయితే ఆ రోజుల్లో పెద్దవాళ్ల ఎదుట కొడుకు పొగ తాగడమనేది లేదు. బస్తాల గదిలో నిలబడి తాగి, తమలపాకు నమిలి లోపలికి వచ్చేవాడు. మామకు తెలుసు, అత్తకు తెలుసు, నాకు తెలుసు. కానీ ఎవరం చూడలేదు. చూడనట్టు ఉండడమే మర్యాద. తల్లి ఆ మాట ఎత్తితే కొడుక్కి తలవంపులని, కోడలు ఎత్తితే మొగుడి పరువు తీసినట్టని లెక్క. చెంబులో మిరియాలు తేల్చి చూసే మా అత్త, ఇంట్లో ఉన్న పొగను మాత్రం లేనట్టే చూసేది.

కొన్నాళ్లకు మా ఆయన పెదాలు వాచడం మొదలైంది. ఒక రోజు దద్దుర్లు, ఒక రోజు గొంతు పట్టేసినట్టు ఉండడం, ఒక రోజు పిల్లికూతలు. చిన్నప్పుడు ఎలా ఉండేదో అచ్చం అలాగే. ఇంట్లో కొత్తగా వచ్చింది ఎవరు? నేను. తేనె తెచ్చింది ఎవరు? నేను. మా అత్త నన్ను తిట్టలేదు, అరవలేదు. ముందు నా ట్రంకుపెట్టె విప్పి చూసింది. తర్వాత వంట తనే చేయడం మొదలుపెట్టింది. తర్వాత వడ్డన కూడా నా చేతి నుంచి తీసుకుంది. చివరికి భోజనం కాగానే ఆయనకు నేను చుట్టి ఇచ్చే తమలపాకు చిలకలు కూడా మాన్పించింది. అయినా దద్దుర్లు ఆగలేదు. ఆగకపోయేసరికి అనుమానం నా మీద ఇంకా గట్టిపడింది. ఇరుగమ్మలతో అరుగు మీద కూర్చుని, "పడదని తెలిసీ పెడతా ఉండాదేమో. మొగుణ్ణి వశం చేసుకునేదానికి వాళ్ల వైపు తేనెలో ఏమన్నా పెట్టే అలవాటుండాదేమో" అనడం నేను చెవులారా విన్నాను. ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మా ఆయనతో చెప్పుకుంటే, "అమ్మ సంగతి నీకు తెలిసిందే గదా" అని బస్తాల గదిలోకి వెళ్లిపోయాడు, సిగరెట్టుకు.

ఆషాఢ మాసమని వంక దొరికింది. తొలి ఏకాదశి మర్నాడు వచ్చి అమ్మాయిని తీసుకుపొమ్మని మా నాన్నకు కబురు వెళ్లింది. ఎప్పుడు తిరిగి పంపాలో అందులో లేదు. ఆ మాట లేకుండా పుట్టింటికి పోయిన ఆడపిల్ల గురించి ఉదయగిరిలో ఏమనుకుంటారో నాకు తెలుసు. మొగుడికి మందు పెట్టిందన్న పేరుతో పోతే నా వెనక ఉన్న చెల్లెలికి కూడా సంబంధం రాదు. బట్టలు సర్దుకుంటూ చచ్చిపోదామా అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఏకాదశి రోజు ఇంటిల్లిపాదీ ఉపవాసం. అలికి ముగ్గేసిన పొయ్యి అలాగే ఉంది. పండు కూడా ముట్టని నిష్ఠ మా అత్తది. దీపాలు పెట్టే వేళకు మా ఆయన కొట్లోంచి గోడ పట్టుకుని వచ్చి కూలబడ్డాడు. పెదాలు వాచి మొహం గుర్తుపట్టలేనట్టుంది. ఊపిరి తీస్తుంటే గొంతులో ఈల వేసినట్టు శబ్దం. మామ ఆసుపత్రికి పరుగెత్తి డాక్టరును వెంటబెట్టుకుని వచ్చాడు. సూది వేశాక కాసేపటికి ఊపిరి కుదుటపడింది. డాక్టరు వెళ్లగానే అందరూ నా వైపు చూశారు. నాకు ఎక్కడ లేని తెగింపు వచ్చింది.

"పొయ్యి ముట్టించలా అత్తా. నీళ్లు కూడా మీ చేత్తోనే ఇచ్చినారు. మరి నేనేం పెట్టినానో చెప్పండి!"

మా అత్త పొయ్యి వైపు చూసింది. నా వైపు చూసింది. తర్వాత కొడుకు పక్కన కూర్చుంది.

"రమణయ్యా, పొద్దుట్నుంచి నీ నోట్లోకి ఏం పోయింది?"

"నీళ్లమ్మా."

"ఇంకా?"

"ఇంకేం లేదమ్మా."

 అప్పుడు ఆవిడ, తల్లీ కొడుకుల మధ్య ఎన్నడూ రాని మాట అడిగింది. "పొగ?"

మామ గొంతు సవరించుకుని, కండువా తీసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. మా ఆయన గోడ వైపు తిరిగాడు. "తాగినానమ్మా. ఆకలికి ఎక్కువే తాగినా. అది తినేది కాదు గదా, ఉపాసం చెడదని..."

"ఆ బండోడూ అదే అన్నాడు. నేనూ నమ్మినా" అంది మా అత్త.

మర్నాడు పొద్దున్నే కొట్లోంచి ఒక పెట్టె తెప్పించి, చేట ముందేసుకుని కూర్చుంది. ఒక్కో సిగరెట్టునూ గోటితో చీల్చి, ఆకంతా చేటలో పోసి, బియ్యంలో రాళ్లు చూసినట్టు వేళ్లతో విడదీసి చూసింది. వేళ్లు జిగురయ్యాయి. చిటికెడు తీసి నాలుక చివర పెట్టుకుంది. "పొగాకు చేదు గదా. దీనికి తీపి యాణ్ణుంచొచ్చింది?" అంది. తర్వాత నన్ను పిలిచింది. "కామాక్షీ, ఇట్రా. నువ్వు కొండతేనె తిని పెరిగినదానివి. నీకు తెలిసినట్టు నాకు తెలీదు. నోట్లో పెట్టుకోని చెప్పు. ఇది తేనేనా?"

నిన్నటి దాకా నా చేతి వక్కపలుకు ముట్టనివ్వని మనిషి నన్ను సాక్ష్యం అడుగుతోంది. అవునంటే నా మీది నింద అక్కడికక్కడే పోతుంది. మా నాన్న బస్సు దిగే వేళైంది. ఆకు నాలుక మీద వేసుకున్నాను. తీపి ఉంది, ఘాటుంది, ఏవో సుగంధాలున్నాయి. తేనె ఉండొచ్చు, బెల్లం ఉండొచ్చు, ఏదైనా ఉండొచ్చు. అవునని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ కళ్లు చూసి చెప్పలేకపోయాను.

"తీపైతే ఉండాదత్తా. తేనో కాదో నాకు తెలీడంలా."

ఆవిడ చేట పక్కకు నెట్టేసింది. "తేనే అనుంటే నిన్నింక నమ్మేదాన్ని కాదు" అంది.

మా నాన్న వచ్చేసరికి అరుగు మీద ఆ ఇరుగమ్మలందరినీ కూర్చోబెట్టింది. కాళ్లకు నీళ్లు కూడా ఇవ్వకముందే ఆయనతో అంది: "అన్నయ్యా, మీ బిడ్డ మీద అనుమానపడినాను. తేనె పెడతా ఉండాదని వీళ్లందరితో అన్నాను. ఆ పిల్ల పెట్టలా. అది కూడా వీళ్ల ముందే చెప్తా ఉన్నా." క్షమించమని అడగలేదు, కన్నీళ్లు పెట్టుకోలేదు. మా నాన్న, "అయితే పిల్లను తీసుకుపోయేదా వద్దా అమ్మా?" అన్నాడు.

"నన్నడక్కండి. ఆ పిల్లనడగండి."

"పోతాను నాయనా" అన్నాను. అంతకుముందు పంపించేస్తున్నారని ఏడ్చినదాన్నే, ఆ రోజు నా ఇష్టంతో బస్సెక్కాను. మా అత్త మొహంలో మొదటిసారి భయం చూశాను. చూసి కొంచెం సంతోషించాను కూడా.

ఆషాఢం వెళ్లగానే ఆవిడ ఒక్కతే ఉదయగిరి బస్సు దిగింది. మా ఆయన సిగరెట్టు మానేశాడనీ, ఆనాటి నుంచి ఒక్క దద్దురు కూడా లేవలేదనీ గుమ్మంలోనే చెప్పింది. మా అమ్మ మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. "దీన్లో ఏం వేసినారమ్మా?" అంది మా అత్త. మా అమ్మకు చిర్రెత్తుకొచ్చింది. నేను గ్లాసు వైపు చూసి, అల్లం, కరివేపాకు, ఉప్పు, ఉప్పేమో కల్లుప్పు అని చెప్పాను. ఆవిడ గటగటా తాగేసి, "బట్టలు సర్దుకో, మళ్లీ బస్సు దొరకదు" అంది. అలా వెళ్లినదాన్ని ఆవిడ పోయేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాను. ఇద్దరం రోజూ పోట్లాడుకున్నాం. అరుగు మీద నా గురించి ఆవిడ అన్న మాటను నేను పూర్తిగా క్షమించలేదు. అయితే అదే అరుగు మీద దాన్ని వెనక్కి తీసుకున్నదీ ఆవిడే. అలాంటి మనిషిని మళ్లీ చూడలేదు.

ఆ ఆకులో కలిపిందేమిటో మాకు ఏనాడూ తెలియలేదు. మామ అడిగితే ఏజెంటు మళ్లీ ఆ రహస్యం మాటే అన్నాడు. ఇప్పటికీ నాకు చెప్పనివాళ్లంటే అనుమానమే. ఎవరెంత నవ్వినా పెట్టె తిప్పి చూస్తాను, అడుగుతాను. మా ఇంట్లో ఎవరు భోజనానికి కూర్చున్నా, వాళ్లు అడగకముందే ఒక్కో గిన్నె చూపించి, ఇందులో నువ్వులు, ఇందులో వేరుశనగపప్పు అని చెబుతాను. బజారు నుంచి తెచ్చిన పొడి వేసి ఉంటే, దీన్లో ఏముందో నాకు తెలియదని కూడా చెబుతాను. తెలియదని చెప్పడం వల్లే నాకు ఆ ఇంట్లో చోటు దొరికింది.