నాన్న చేతిలోంచి నేను అందుకోని పుస్తకం

పెరూ దేశాన్ని ఒకప్పుడు ఇంకాలనే వాళ్ళు ఏలారు. వాళ్ళ రాజు చేతిలో స్పెయిన్ వాళ్ళు పుస్తకం పెట్టిన ఘట్టం నేను బ్రహ్మాండంగా చెబుతానని తెనాలిలో నాకు పేరు. తెనాలంటే ఊరంతా కాదు లెండి. మా కోచింగ్ సెంటర్లో ఉన్నవి మూడు గదులు, ఆ మూడు గదుల్లో. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలకి ప్రపంచ చరిత్ర చెబుతాను నేను.

గుప్పెడు మంది స్పెయిన్ వాళ్ళు అంత పెద్ద రాజ్యాన్ని ఎలా పట్టుకున్నారు, కారణాలు రాయండి అని ప్రశ్న. నేను పాయింట్లుగా చెప్పేదాన్ని. మనుషుల కంటే ముందు వాళ్ళ మశూచి వచ్చి పాత రాజును తీసుకుపోయింది. ఆయన కొడుకులిద్దరూ గద్దె కోసం కొట్టుకుని దేశాన్ని చీల్చారు. వచ్చినవాళ్ళకి గుర్రాలున్నాయి, ఉక్కు కత్తులున్నాయి, తుపాకులున్నాయి. ఇంకాల పెత్తనం గిట్టని జాతులు వాళ్ళ పక్కన చేరాయి. బంగారం మీద ఆశ ఉంది, ఆ ఆశకి దేవుడి పేరుంది. చివరిది మోసం. మాట్లాడుకుందాం రమ్మని రాజును పిలిచారు. ఆయన వేలమందితో, ఆయుధాలు లేకుండా వచ్చాడు. ఒక క్రైస్తవ గురువు ఎదురొచ్చి, ఇది దేవుడి మాట, ఒప్పుకోమని పుస్తకం చేతికిచ్చాడు. రాజు అటూ ఇటూ తిప్పి చూశాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడని కూడా అంటారు. అది మాట్లాడలేదు. పారేశాడు. ఆ సాకు చాలు. దాక్కున్న దండు మీద పడింది. పొద్దుగూకేసరికి వేలమంది చచ్చారు, రాజు ఖైదీ అయ్యాడు.

ఈ చెవి దగ్గర పెట్టుకునే చోట నేను అటెండెన్స్ రిజిస్టరు తీసుకుని నటించేదాన్ని. రిజిస్టరు చెవికి ఆనించి, కళ్ళు పెద్దవి చేసి, "ఏదీ, పలకదేం?" అనేదాన్ని. క్లాసంతా ఘొల్లుమనేది. నవ్విన పాయింటు మర్చిపోరని నా నమ్మకం. ఏళ్ళ తరబడి అలాగే చెప్పాను.

పోయినేడు ఒకమ్మాయి నవ్వలేదు. కొల్లిపర వైపు నుంచి బస్సులో వచ్చే పిల్ల. క్లాసయ్యాక మెట్ల దగ్గర నా పక్కన నడుస్తూ అంది. "మేడం, మా నాన్నకీ చదువు రాదండి. ఏదన్నా కాగితం ఇస్తే ఆయనా అట్టాగే అటూ ఇటూ తిప్పి చూస్తాడండి." నిష్ఠూరం కాదు, ఊరికే చెప్పింది. నాకు మాత్రం చెంప మీద ఛెళ్ళున కొట్టినట్టయింది. ఎందుకంటే మా నాన్నకీ చదువు రాదు. ఆయన చేతిలో పుస్తకం పెట్టి నిలబెట్టింది కూడా నేనే.

మాది చెరుకుపల్లి దగ్గర లూథరన్ క్రైస్తవుల పేట. మా తాతల కాలంలో ఆ పుస్తకం మా పేటకి కత్తి పట్టుకుని రాలేదు, పలకా బలపం పట్టుకుని వచ్చింది. ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. కాకపోతే ఆ పలక అందరి దాకా రాలేదు. మా నాన్న బడికెళ్ళే వయసులో ఆసామి గారి గేదెల వెంట వెళ్ళాడు.

బుధవారం సాయంత్రాలు మా పేటలో ఇంటింటి ప్రార్థన కూడిక ఉండేది. చాపల మీద గుండ్రంగా కూర్చుని, ఒకే బైబిలు చేతులు మార్చుకుంటూ, తలా ఒక వచనం వంతున చదివేవారు. చదువు రానివాళ్ళు పుస్తకం అందుకుని, రెండు కళ్ళకీ అద్దుకుని పక్కవాళ్ళకి ఇచ్చేసేవారు. పక్కవాళ్ళు మారు మాట్లాడకుండా అందుకుని తర్వాతి వచనం చదివేవారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనేవారు కాదు. ఇది ఎవరు పెట్టిన పద్ధతో తెలీదు గానీ, మా పేటలో అంతకు మించిన మర్యాద నేను చూళ్ళేదు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆదివారం బడిలో వాక్యాలు అప్పజెప్పి బహుమతి తెచ్చుకుని ఒళ్ళు తెలీని గర్వంతో ఉన్నాను. ఆ బుధవారం కూడిక మా ఇంట్లోనే. బాపట్ల నుంచి కొత్త బోధకుడు ఒకాయన వచ్చాడు. నాన్న పుస్తకం అందుకున్నాడు, కళ్ళకద్దుకున్నాడు, నా వైపు చాపాడు. నేను అందుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని అందరికీ వినబడేలా, "చదవకుండా ఇచ్చేస్తావేంటి నాన్నా? నీ వంతు!" అన్నాను.

మా నాన్నకి చదువు రాదని నాకు తెలీదా? తెలుసు. ఆ వేళ ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. ఆటలో తొండి పట్టుకున్నట్టు అనిపించిందేమో.

కొత్త బోధకుడికి మా పద్ధతి తెలీదు. "చదవండి, పర్లేదు, నెమ్మదిగానే చదవండి" అన్నాడు దయగా. నాన్న పుస్తకం తెరిచాడు. ఒక కాగితం తిప్పాడు, ఇంకోటి తిప్పాడు. మెడ మీద చెమట కారడం నాకు కనిపించింది. మళ్ళీ నా వైపు చాపాడు. నేను మళ్ళీ అందుకోలేదు. అప్పుడాయన పుస్తకాన్ని మెల్లగా చాప మీద పెట్టి, లేచి బయటికి వెళ్ళిపోయాడు. "అయ్యయ్యో, వాక్యాన్ని కింద పెడతారా?" అన్నాడు బోధకుడు. అమ్మ గబుక్కున తీసి ఒళ్ళో పెట్టుకుంది.

నాన్న నన్ను కొట్టలేదు, తిట్టలేదు. తర్వాత ఏ బుధవారమూ కూడికకి రాలేదు, అంతే. ఆ వేళకి ఏదో ఒక పని ఉండేది, చేలో నీళ్ళు కట్టాలనో, గట్టు తెగిందనో. ఆదివారం గుడికి వచ్చినా వెనక గుమ్మం పక్కన, గంట తాడు కింద కూర్చునేవాడు. నన్ను మాత్రం రేపల్లెలో కాలేజీకి పంపి చదివించాడు. నాకు పుస్తకాలు కొనిచ్చేటప్పుడు ఒక్కసారి కూడా వాటిని తెరిచి చూడలేదు.

అమ్మ పోయాక తెనాలిలో నా దగ్గరే ఉన్నాడు. సాయంత్రం నేను ఇంటికి రాగానే, "ఏంటమ్మాయ్, ఇవాళ పాఠం?" అని అడగడం ఆయనకి అలవాటు. కొల్లిపర పిల్ల ఆ మాట చెప్పిన రోజు కూడా అడిగాడు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు. నటన లేకుండా కథంతా చెప్పాను. అన్నదమ్ముల పోరు దగ్గర, "పిట్ట పోరు పిల్లి తీర్చినట్టయింది" అన్నాడు. గది నిండా బంగారం పోస్తాను వదిలిపెట్టమన్నాడు రాజు అని చెబితే, "పోసాడా?" అన్నాడు. పోసాడు. "వదిలారా?" వదల్లేదు. మంటల్లో వేస్తాం, బాప్తిస్మం తీసుకుంటే వెయ్యం అంటే, శవమైనా మిగలాలని తీసుకున్నాడు, అప్పుడు మెడ బిగించి చంపారు అన్నాను. నాన్న చేతిలో చిక్కుడుకాయ కింద పెట్టాడు.

"ఆ పుస్తకం ఏ బాసలో ఉంది?"

"లాటిన్ నాన్నా, వాళ్ళ గుడి బాస."

"మరి ఆయనకెట్టా తెలిసిద్ది?" అని, మళ్ళీ "ఆ వచ్చినోళ్ళ నాయకుడికి చదువొచ్చా?" అన్నాడు.

"రాదు నాన్నా. సంతకం కూడా రాదంటారు."

ఇది కూడా నేను క్లాసులో నవ్వించడానికి చెప్పే ముక్కే. నాన్న నవ్వలేదు.

"మరి ఆయన్నెవరూ చదవమన్లేదా?"

"లేదు."

"ఆయన చేతిలో కత్తుంది గదమ్మా. పుస్తకం ఎవరు పెడతారు?" అని మళ్ళీ చిక్కుడుకాయ అందుకున్నాడు.

నీ చేతిలో నేనే పెట్టాను నాన్నా, తప్పయింది అన్న మాట గొంతు దాకా వచ్చింది. కుక్కర్ కూత వేసింది, లేచి వెళ్ళాను. మూడు గంటలు నీళ్ళు తాగకుండా పాఠం చెప్పే నోరు, ఆ నాలుగు మాటలు చెప్పలేకపోయింది. ఆదివారం తీరిగ్గా చెబుదామనుకున్నాను. ఆదివారం మోడల్ టెస్ట్ పెట్టారు. ఆపై ఆదివారం చుట్టాలొచ్చారు. నలభై ఏళ్ళు ఆగిన మాట ఇంకో వారం ఆగలేదా అనుకున్నాను.

ఆ నెల్లోనే ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నా ఏడుపులో సగం మాటలు నాకే అర్థం కాలేదు. ఆయన నా వంక చూస్తూ ఎడం చెయ్యి కొంచెం పైకెత్తాడు. నీళ్ళేమో అనుకుని చెంచాతో పట్టాను. తాగాడు. ఆ చెయ్యి నాకు జవాబో, ఉత్త దాహమో నాకు తెలీదు. నాలుగో రోజు పోయాడు.

రేపల్లె రోడ్డు మీదుగా మా పేటకి తీసుకెళ్ళాం. శవపెట్టె మా పాత ఇంటి వరండాలో పెట్టారు. ఇప్పుడు మావాళ్ళలో, పోయినవాళ్ళ చేతుల్లో బైబిలు పెట్టడం ఒకటి వచ్చింది. ఎవరో మంచి మనసుతోనే పెద్దక్షరాల బైబిలు తెచ్చి నాన్న గుండెల మీద, రెండు చేతుల మధ్య పెట్టారు. పాస్టరు అయ్యగారు ప్రార్థనకి లేచారు.

"తీసేయండి" అన్నాను నేను.

అందరూ నా వైపు తిరిగారు. "ఏంటే, వాక్యాన్ని తీసేయమంటావేంటి?" అంది మా పెద్దమ్మ. ఆ బుధవారం ఆ చాప మీద ఉన్నవాళ్ళలో మిగిలింది ఆవిడొక్కతే. వెళ్ళి నాన్న పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. పుస్తకం తీసి ఆయన రెండు కళ్ళకీ అద్దాను. పెద్దమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆయన చెయ్యి పట్టుకుని పుస్తకం మీద ఉంచి, నా వైపుకి జరిపి, అందుకున్నాను.

తొమ్మిదేళ్ళప్పుడు నేను చెయ్యాల్సింది ఇంతే. నోరు మూసుకుని, నాన్న ఇచ్చింది అందుకోవడం.