సైడు తెర వెనక గొంతు

శౌరి గొంతు దూదిలో పుట్టింది. చిలకలూరిపేట జిన్నింగు మిల్లులో యంత్రాల రొద దాటి పక్కవాడికి మాట చేరాలంటే గొంతు గాలిపటంలా లేవాలి. పన్నెండేళ్ళు పత్తి మోసినా, ఛాతీ నిండా తెల్లటి నలుసులు చేరినా, ఆదివారం గుడిలో అతను పాట ఎత్తుకుంటే ఫాదరుగారు పుస్తకం మూసి వినేవారు.

ఆ గొంతును మిల్లులోంచి బయటికి తెచ్చినవాడు పున్నారావు. నరసరావుపేట నాటక సమాజంలో ముఖ్య వేషధారి. ఒకరోజు పత్తి బండితో మిల్లుకొచ్చి, బస్తాల వెనక ఎవరో పాడుతుంటే చుట్ట ఆర్పేసి నిలబడ్డాడు.

"ఒరేయ్, ఎవరబ్బాయివి?"

"చిన్నప్ప కొడుకునండీ."

"దూది కింద పడి చస్తావేందిరా ఇక్కడ? నాతో రా."

అట్లా 1940లో శౌరి భార్య జ్ఞానమ్మను తీసుకుని నరసరావుపేట చేరాడు. అతనికి ఇచ్చిన పని రంగులు కలపడం. తెల్లటి సఫేదా పొడి, కాటుక, సింధూరం నాపరాయి పలక మీద వేసి, కొబ్బరినూనెతో నూరి, వేషగాళ్ళ ముఖాలకు పట్టించాలి. తర్వాత తను కూడా ముఖం కడుక్కుని ఈటె పట్టుకోవాలి. ద్వారపాలకుడి వేషం. నాటకం మొత్తం మీద ఒక్క మాట: "ప్రభువుల ఆజ్ఞ."

సమాజం ఆడేది ఒక్కటే నాటకం. తనను కొడుకులా పెంచిన రాజుకు సేనాపతి పాలల్లో విషమిచ్చి సింహాసనం ఎక్కుతాడు. ఎక్కినవాడికి నిద్ర ఉండదు. తాగబోయే నీళ్ళలోనూ ఆ ముసలి ముఖమే తేలుతుంది. చివరి అంకంలో తన పాపం తానే పద్యంగా పాడుకుని కూలిపోతాడు. ఆ పద్యానికి జనం ఊరుకోరు. "వన్స్ మోర్!" అంటారు. చచ్చి పడున్న సేనాపతి లేచి, పంచె మీది దుమ్ము దులుపుకుని, మళ్ళీ పాడి, మళ్ళీ చావాలి. మాచర్లలో పున్నారావును అయిదుసార్లు చంపారు. అది పల్నాటి జనం హక్కు. కాదంటే చెప్పులు లేస్తాయి.

సేనాపతి పద్యాలన్నీ పున్నారావు శౌరికి నేర్పాడు. పొద్దున్నే పొలంగట్ల మీద నడిపిస్తూ, ఒక్కో రాగాన్నీ నోట్లో ముద్ద పెట్టినట్టు పెట్టాడు.

"నాకెప్పుడిస్తావు బాబాయ్ ఆ వేషం?" అని శౌరి నవ్వుతూ అడిగేవాడు.

"నా గొంతున్నన్నాళ్ళూ నాదిరా. పోయిన్నాడు నీది."

నవ్వులాటకన్న మాట. శౌరి లోపల మాత్రం అది విత్తనంలా పడింది. మూడేళ్ళు తడి కోసం చూసింది.

తడి జ్ఞానమ్మ నోట్లోంచి వచ్చింది. 1943 ఎండాకాలం యుద్ధ నిధి కోసం కోర్టు మైదానంలో పెద్ద ప్రదర్శన పెట్టారు. సేనాపతికి వెండి పతకమని టముకు వేయించారు.

"మా అన్నొస్తన్నాడంట చూడ్డానికి," అంది ఆమె అన్నం వడ్డిస్తూ. "మీ ఆయనది ఏం వేషమే అనడిగాడు. ఈటె పట్టుకుని నిలబడతాడని చెప్పా. గుంజకి కూడా వేషమిస్తారా అని నవ్వాడు."

శౌరి ముద్ద దించాడు. "ఆయన గొంతుండగా నాకెట్టా ఇస్తారే?"

"అదే నేనూ అంటంది. ఆయన గొంతుండగా ఎట్టా ఇస్తారు?"

ఆ తడి చాలింది.

సింధూరం కడుపులోకి పోతే గొంతు చస్తుందని పాడేవాళ్ళందరికీ భయం. పరాయి చేతి తాంబూలం ఎవరూ ముట్టేవాళ్ళు కాదు. పున్నారావైతే సొంత తమ్ముడి చేతిది కూడా తినడు. ఆకూ వక్కా సంచీ మొలకు కట్టుకుని తిరిగేవాడు. ఆ సంచీ విప్పి ఆకుకు సున్నం రాసి ఇచ్చే హక్కు లోకంలో ఒక్కడికే ఉంది. శౌరికి.

మూడు రోజులు పట్టింది. మొదటిరోజు రిహార్సల్లో పున్నారావు గొంతు సవరించుకున్నాడు. రెండోరోజు వేడినీళ్ళు అడిగాడు. మూడోరోజు ఆకు అందుకుంటూ శౌరి కళ్ళలోకి కాసేపు చూశాడు. తర్వాత నోట్లో పెట్టుకుని, ఎప్పటిలా ఎడమ దవడన పెట్టి నమిలాడు. ఆ సాయంత్రం పద్యం ఎత్తుకోగానే అతని గొంతులోంచి చినిగిన గుడ్డ చప్పుడు వచ్చింది. మైదానంలో వెయ్యిమంది. హార్మనీ వాయించే అబ్దుల్ జబ్బార్ శ్రుతి ఆపి తలెత్తాడు. పున్నారావు మళ్ళీ నోరు తెరిచాడు. ఈసారి ఆ చప్పుడు కూడా రాలేదు.

"పద్యాలన్నీ వచ్చినోడు ఒక్కడే ఉన్నాడు," అన్నాడు సమాజం నడిపే కాంట్రాక్టరు సత్యనారాయణ. పున్నారావు ఒంటి మీది వెచ్చదనం ఆరకముందే సేనాపతి అంగరఖా శౌరికి తొడిగారు.

శౌరి పాడాడు. జనం మూడుసార్లు చంపారు. వెండి పతకం ఛాతీ మీద చల్లగా తగిలింది. ఇంటికొచ్చాక జ్ఞానమ్మ దాన్ని చెంగుతో తుడిచి చూసుకుంది. సంబరంగా అతని చేయి పట్టుకుని, గోళ్ళ సందున ఎరుపు చూసి వదిలేసింది. అది వేషం రంగేనని ఇద్దరూ అనుకోవచ్చు. ఇద్దరూ అనుకోలేదు. ఆ రోజు నుంచి ఆమె భర్త చేతి నీళ్ళు కూడా తాగలేదు.

నెల తిరగకుండా పున్నారావు సమాజానికి వచ్చాడు. గొంతులో గాలి తప్ప ఏమీ మిగల్లేదు. సత్యనారాయణ చెవి దగ్గర నోరు పెట్టి అడిగాడు: "ప్రాంప్టరు పనియ్యండి. దానికి గుసగుస చాలుగా."

అప్పటినుంచి ప్రతి ప్రదర్శనలోనూ సైడు తెర వెనక చిన్న పీట, పీట మీద పున్నారావు, ఒళ్ళో నాటకం పుస్తకం. శౌరి ప్రతి పద్యానికీ ముందు ఎండుటాకు మీద పాము పాకినట్టు ఆ గుసగుస వినేవాడు. పుస్తకం అక్కర్లేకుండా వచ్చిన పద్యాలే అవి. ఏడాది తిరిగేసరికి గుసగుస లేకపోతే ఒక్క పాదం కూడా రావడం లేదు. బావి తనదే, చేద మాత్రం పున్నారావు చేతిలో ఉంది.

"నీళ్ళు తాగుతావా అబ్బాయ్?" అని పున్నారావు విరామంలో ప్రేమగా అడిగేవాడు. శౌరి తాగేవాడు కాదు.

శౌరి గుడికి వెళ్ళడం మానేశాడు. పాపసంకీర్తనం చేసి తప్పు ఒప్పుకుంటే ఫాదరుగారు ఆ మనిషి దగ్గరికి పోయి చెప్పమంటారని తెలుసు. చెబితే వేషం పోతుంది. పాపాన్ని భరించగలనని తెలిసింది. ఈటె మళ్ళీ పట్టుకోవడం మాత్రం భరించలేడు.

1948లో మాచర్లలో ఉన్నారు. ఏటి అవతల నైజాములో గొడవలు. రాత్రికి రాత్రి ఏరు దాటి వచ్చిన కుటుంబాలతో ఊరు కిక్కిరిసి ఉంది. సాయిబు కనపడితే చాలు, జనం చూపు మారుతోంది. ముఖానికి రంగు పూస్తున్న శౌరి చేతుల్ని చూసి జబ్బార్ ఎప్పటిలాగే హాస్యమాడాడు.

"ఏందిరా శౌరీ, నీ గోళ్ళ ఎరుపు ఈ జన్మకి పోదా? పున్నారావు గొంతు పోయిన్నాడూ ఇట్టాగే ఉన్నయ్. ఎవరి పీకో కోసొచ్చినట్టు!"

అందరూ నవ్వారు. జబ్బార్ అందరికంటే ఎక్కువ నవ్వాడు, ఏమీ తెలియనివాడు నవ్వినట్టు. శౌరి కూడా నవ్వాడు. సాయంత్రం టీకొట్టు దగ్గర నలుగురున్నచోట ఒక్క మాట వదిలాడు.

"మా హార్మనీ సాయిబుకి ఏటి అవతల నించి ఉత్తరాలొస్తన్నయ్."

ఒక్క మాటే. తెల్లారేసరికి జబ్బార్ సత్రం వెనక పడి ఉన్నాడు. కొట్టినవాళ్ళు ప్రాణం తీయలేదు. చేతులు గడప మీద పెట్టించి, నాపరాయి ముక్కతో ఒక్కో వేలూ చితక్కొట్టారు. బండి ఎక్కిస్తుంటే అతను ఒకటే అడిగాడు: "ఏం ఉత్తరాలు? నాకు చదువే రాదే!" పున్నారావు ఆ చేతులకు తడిగుడ్డ చుడుతూ విన్నాడు. టీకొట్టు దగ్గరి నలుగురిలో తనూ ఒకడినని శౌరికి గుర్తు చేయలేదు. కొత్త హార్మనిస్టు వచ్చాడు. నాటకం ఆగలేదు.

మరుసటేడు గురజాలలో ఆడారు. పెట్రోమాక్సు లైట్ల చుట్టూ పురుగులు, ముందు వరుసలో చాపల మీద ఆడవాళ్ళు. చివరి అంకం వచ్చింది. శౌరి మోకాళ్ళ మీద కూర్చుని, శ్రుతి అందుకుని, గుసగుస కోసం ఆగాడు.

రాలేదు.

తల తిప్పి చూశాడు. పున్నారావు పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

"అందియ్యి బాబాయ్," పెదాలు కదలకుండా అన్నాడు శౌరి.

"మూడోరోజు ఆకులో సున్నం ఎక్కువేశావురా," అంది ఎండుటాకు గొంతు. "రంగు తెలవకుండా ఉండటానికి. నాకు తెలిసింది."

హార్మనీ అదే శ్రుతిని మళ్ళీ మళ్ళీ తిప్పుతోంది. జనం దగ్గారు.

"తెలిసీ ఎందుకు తిన్నావు?" శౌరి గొంతు పైకే వచ్చేసింది.

"అప్పటికే పోయింది గదరా. పద్యమన్నా బతకనీ అనుకున్నా, నీ గొంతులో. నాది నేను వదులుకున్నా. సాయిబు వేళ్ళు నిన్నేం చేశాయిరా?"

శౌరి జనం వైపు తిరిగాడు. ఒక్క పాదమూ లేదు. మిల్లులో పత్తి దూశాక మిగిలే గింజలా ఒక్క నిజం ఉంది. అది రాగం లేకుండా, మిల్లు కూలీ మాటలో బయటికి దొర్లింది.

"నేనే పెట్టా. నా చేత్తోనే పెట్టా. నా చేతిది తప్ప ఎవరి చేతిదీ తినేవోడు కాదు... మూడు రోజులు పెట్టా."

నేల మీదికి వంగి ఏడ్చాడు. ఇక అయిపోయిందనుకున్నాడు. రాళ్ళు పడతాయి, ఎవరో వచ్చి పట్టుకుంటారు, ఈ బరువు దిగుతుంది. ముందు వరుసలో ఒక ముసలామె చెంగు నోట్లో కుక్కుకుని వెక్కింది. వెనక నుంచి ఈల వచ్చింది. ఆపైన మైదానం మొత్తం లేచింది.

"వన్స్ మోర్!"

శౌరి తల అడ్డంగా ఊపాడు. "నాటకం గాదయ్యా ఇది... నిజంగానే..."

"అబ్బ, ఏం చేస్తన్నాడ్రా! వన్స్ మోర్!"

చెప్పు ఒకటి వచ్చి వేదిక మీద పడింది.

"చెప్పరా అబ్బాయ్," అంది తెర వెనక గొంతు, ముద్ద తినిపించినంత మెత్తగా. "జనం అడుగుతున్నారు. నేనే పెట్టా..."

"నేనే పెట్టా," అన్నాడు శౌరి.

ఆ రోజు నాలుగుసార్లు చెప్పించారు. పద్యం కంటే ఇదే రక్తి కట్టిందని, ఇకనుంచి దీన్నే ఉంచమని సత్యనారాయణ అన్నాడు. పున్నారావు చెవి మీది పెన్సిలు తీసి, పుస్తకంలో పద్యం కొట్టేసి, పైన ఆ మాటలు గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు. తర్వాతి ఆట వినుకొండలో. ఇంకా పదిహేడు ఊళ్ళున్నాయి.