టీవీలో పొద్దుగూకితే

మా అబ్బాయి హాల్లో కార్ల ఆట ఆడుతుంటే తెరమీద పొద్దుగూకుతుంది. వాన వెలిసిన రోడ్డు వీధిదీపాలకి తళతళలాడుతుంది, హెడ్‌లైట్లు తిరిగే కొద్దీ చెట్ల నీడలూ తిరుగుతాయి, ఎదురొచ్చే లారీ వెలుగుకి నిజంగానే కళ్ళు చికిలించాల్సి వస్తుంది. ఏం రాత్రండీ ఇది, పెళ్ళిపందిరిలాగా! పొయ్యిమీద పోపు మాడుతున్నా నేను వంటింటి గుమ్మంలో నిలబడిపోతాను. నేనెరిగిన రాత్రి ఇది కాదు.

మా రేపల్లె ఇంట్లో టీవీ రాత్రి ఉత్త నలుపు. అన్నయ్య హైస్కూల్లో ఉండగా నాన్న తెనాలిలో ఒక రేడియో రిపేరు కొట్టులో పాత వీడియోగేము పెట్టె కొని, తువ్వాలులో చుట్టి ప్యాసింజరు బండిలో పట్టుకొచ్చాడు. వేసవి సెలవులు, ముంజల తొక్కలమీద ముసిరే ఈగలు, ఆటలో కారుని తిప్పడానికి ఆవకాయ అంటిన చేతులతోనే పట్టుకునే ఆ నల్లటి పుల్ల, వేడెక్కిన టీవీ వెనకనుంచి వచ్చే కమురు వాసన, ఇవన్నీ కలిపి ఒకటే జ్ఞాపకం నాకు. ఆ పెట్టెలో ఉన్న ఆట కార్ల పందెం ఒక్కటే. మొదట పగలు, కాసేపటికి ఆకాశం బూడిదరంగుకి తిరిగి, ఉన్నట్టుండి రోడ్డూ గట్టూ కార్లూ మాయమై, ముందుపోయే కారు వెనక దీపాలు రెండు మాత్రం మిగిలేవి. మాది నలుపు తెలుపు టీవీ, పైగా కళ్ళకి చలవని నాన్న దాని ముందు నీలం ప్లాస్టిక్ అద్దం తగిలించాడు, అందుకని ఆ దీపాలు బియ్యపు నూకల్లా ఉండేవి.

ఆ నూకలు అన్నయ్యకి కనిపించేవి కావు. పగలంతా ఈలవేస్తూ నడిపినవాడు చీకటి పడగానే వరసపెట్టి గుద్దేసేవాడు. "టీవీ పాడైందే" అనేవాడు. నాన్న నీలం అద్దం ఊడబీకాడు, వెలుతురు మర చివరిదాకా తిప్పాడు, మెకానిక్కుని పిలిపించి చివాట్లు కూడా పెట్టాడు. ఆఖరికి మేమిద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం: పుల్ల అన్నయ్యది, కళ్ళు నావి.

"ఎడమకి... ఇంకా ఎడమకి... ఇప్పుడు కుడికి!"

"తెల్లారిందా చిట్టీ?"

"ఇంకొంచెం అన్నయ్యా."

గుద్దుకోకుండా ఉంటే చాలు, ఆ ఆటలో తెల్లవారడం దానంతటదే వచ్చేది. రాగానే అన్నయ్య నా వీపుమీద ఒక్క చరుపు చరిచేవాడు, ఆ చరుపు కోసం నేను అన్నం కూడా మానేసి కూర్చునేదాన్ని. మునిమాపు వేళ బజారునుంచి సైకిలుమీద వచ్చేటప్పుడూ అంతే, వెనక కూర్చుని నేను చెబుతుంటే అన్నయ్య తొక్కేవాడు. అదీ ఆటేననుకున్నాను.

క్రిస్మస్ ముందు, కోతలయి గడ్డిబళ్ళు తిరిగే రోజుల్లో నాకు జ్వరం తగిలింది. ఇంటిముందు కట్టే నక్షత్రానికి రంగుకాగితాలు తేవడానికి అన్నయ్య ఒక్కడే వెళ్ళాడు. చీకటిపడ్డాక సైకిలుమీద తిరిగొచ్చేటప్పుడు కాలవకట్టమీద గడ్డిబండి ఆగి ఉంది. దానికి వెనక దీపం లేదు, చెప్పడానికి వెనక నేనూ లేను. బండివాళ్ళు మోసుకొచ్చేసరికి విరిగిన చెయ్యి వేలాడుతోంది, ఎర్రకాగితం మాత్రం చంకలో అలాగే ఉంది. "నాకు బండి కనపళ్ళేదు నాన్నా" అని ఏడ్చాడు. ఆ బండి మా ఇంటంత ఉంటుంది.

గుంటూరులో కళ్ళ డాక్టరు చాలాసేపు దీపం వేసి చూసి, "మీది మేనరికమా అమ్మా?" అని అడిగారు.

"అవునండి, మా మేనమామ కొడుకేనండి" అంది అమ్మ, మంచి సంగతి చెబుతున్నట్టు.

రేచీకటితో మొదలై రానురాను పగటిచూపూ పోతుందని, పుట్టుకతో వచ్చినదానికి మందు లేదని ఆయన చెప్పారు. అమ్మ నమ్మలేదు. చూపుకి మంచిదని పొన్నగంటికూర, మేక కార్జం వండి వండి పెట్టింది, చర్చిలో అందరిచేతా ప్రార్థన చేయించింది. కానీ నేను పుట్టినప్పటినుంచీ నన్ను "నా కోడలు" అని పిలిచే మేనత్త వస్తే మాత్రం, ఆ మాట పూర్తికాకుండానే మంచినీళ్ళకని లేచిపోయేది.

నాకూ వస్తుందేమోనని చచ్చేంత భయంగా ఉండేది. ఎవరూ లేనప్పుడు వెలుతురు మర బాగా తగ్గించి, ఆ ఆట పెట్టుకుని నూకలకోసం వెతుక్కునేదాన్ని. ఒకసారి వెనకనుంచి అన్నయ్య గొంతు వినబడింది.

"కనపడతన్నాయా?"

"ఆఁ."

"హమ్మయ్య" అన్నాడు. ఆ రోజు తరవాత నేను ఆ పెట్టె ముట్టుకోలేదు.

అది పాతసామాన్లవాడికి పోయింది, టీవీ పోయింది, కాలవకట్టమీద వరసగా తెల్లదీపాలు వచ్చాయి. బాపట్లలో అన్నయ్య నడుపుకున్న ఎస్టీడీ బూతు కూడా ఎప్పుడో మూతపడింది. మొన్న మా ఇంటికొచ్చి మా అబ్బాయి పక్కన కూర్చున్నాడు.

"మావయ్యా, ఆటలో రాత్రయింది" అన్నాడు వాడు.

"అయితే ఇంకేం కనపడదు గదరా."

"అన్నీ కనపడతన్నాయ్ మావయ్యా!"

ఆటల్లోంచి, కాలవకట్టమీంచి, అన్నిచోట్లనుంచీ చీకటి పోయి, మా అన్నయ్య ఒక్కడి దగ్గరే ఉండిపోయింది. నేను వెళ్ళి అతని పక్కన కూర్చున్నాను. నా గాజుల చప్పుడు గుర్తుపట్టి నవ్వాడు.

"తెల్లారిందా చిట్టీ?"

ఇంకొంచెం అనకుండా, నా వీపు అతని చేతికి అందేలా తిరిగి కూర్చున్నాను.