ఎవలి బాపు?

ఉప్పల్‌లో మూసీ ఒడ్డు పార్కుకి నేను వెళ్లింది ఒక్కసారే. తెలంగాణ ఇంకా రాలేదు. ఆఫీసు పని మీద కాకినాడ నుంచి వచ్చి నాచారంలో దిగాను. ఆదివారం సాయంత్రం పార్కులో, నది వైపు కంచె దగ్గర, ఐదేళ్ల పాప ఒంటరిగా ఏడుస్తూ కనిపించింది.

"ఎవరు కావాలమ్మా?" అని అడిగాను.

"బాపు," అంది.

అది ఎవరిదో పేరనుకున్నాను. పాప చెయ్యి పట్టుకుని ఉయ్యాలల దాకా "బాపుగారూ" అని పిలుస్తూ తిరిగాను. ఎవరూ పలకలేదు. చీకటి పడుతుంటే నాకూ భయం వేసింది.

నడకకు వచ్చిన ఒక పెద్దావిడ ఆగి, "ఎవలి బాపు సార్?" అంది.

ఇక్కడ ఎంతమంది బాపులున్నారో అర్థంకాక తెల్లమొహం వేశాను.

"బాపు అంటే నాయిన సార్. గీ పిల్ల వాళ్ల నాయిన కోసం ఏడుస్తున్నది," అని ఆవిడ నవ్వి, మమ్మల్ని గేటు వైపు నడిపించింది. అక్కడ ఒకతను కనిపించినవాళ్లందరినీ ఆపి అడుగుతున్నాడు. పాప నా చెయ్యి విడిపించుకుని పరుగెత్తింది.

కూతుర్ని ఎత్తుకుని అతను నా దగ్గరికి వచ్చాడు. "పైలంగ తోల్కొచ్చిన్రు సార్," అంటూ నా చెయ్యి పట్టుకున్నాడు.

పైలం అంటే జాగ్రత్త అని కూడా అప్పటికి నాకు తెలియదు. కానీ అతను ఎంతసేపటికీ చెయ్యి వదల్లేదు. అర్థం అడగకుండా తలూపాను.